స్టీలు డబ్బా ఎవరికి ప్రమాదం?

(ఒక ఆదివారం సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన మాటామంతీకి రాత రూపం. రికార్డింగ్‌లో ఫ్యాన్ చప్పుడుకి వినపడని ఒకటి రెండు వాక్యాలు వదిలేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్లకి వినపడుతోందా? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి.

క్రికెట్ గురించి మాట్లాడతానని చెప్పి పిలిచారు గానీ, నేను ఆట గురించి మాట్లాడను, మాట్లాడేంత జ్ఞానం ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పిల్లలకే నాకంటే ఎక్కువుంది. నేను గేటు గురించి మాట్లాడతాను. గేటు బయట ఒక మూల పెట్టి ఉంటుందే, పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మో అట్టపెట్టో, దాంట్లో లోపలికి రానివ్వని మనందరి వస్తువులూ పడేసి ఉంటాయే, దాని గురించి.

నేను మొదటిసారి స్టేడియానికి వెళ్లింది మా నాన్నగారి చెయ్యి పట్టుకుని, హైదరాబాద్‌లోని లాల్‌బహదూర్ స్టేడియానికి. అప్పట్లో పెద్దవాళ్లంతా దాన్ని ఫతే మైదాన్ అనేవాళ్లు. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్, భుజాన నీళ్ల ఫ్లాస్కు, చంకలో ట్రాన్సిస్టర్, నెత్తిన కప్పుకోవడానికి ఆ రోజు పేపరు. పక్కాయన బత్తాయిలు ఒలిచి మాకు పెడితే మేము ఆయనకి ఆవకాయన్నం ముద్ద పెట్టాం. ఎవరూ మమ్మల్ని తడమలేదు. టికెట్ చించి సగం చేతిలో పెట్టారు, అంతే. 1999 నవంబర్‌లో న్యూజిలాండ్ మీద సచిన్ 186 కొట్టి నాటౌట్‌గా ఉన్నాడు, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగులు. అది కూడా అక్కడే, ఇంచుమించు అలాగే క్యారియర్‌తోనే చూశాం. ఆ తర్వాత ఆటంతా ఉప్పల్ స్టేడియానికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా కథ. ఏ ఊరు, ఏ స్టేడియం అని అడక్కండి, చెప్పను, దేశంలో ఏ గేటు దగ్గరైనా జరిగేదే కాబట్టి చెప్పాల్సిన పనీ లేదు. నేను, మా అమ్మాయి, మా ఆడపడుచు కొడుకు, ముగ్గురం రాత్రి మ్యాచ్‌కి వెళ్లాం. నాకు షుగర్. బయటి నూనె తిండి పడదని ఒక స్టీలు డబ్బాలో దద్దోజనం కలుపుకుని వెళ్లాను. ఆ డబ్బా మా అమ్మది. మూత మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంటుంది, వెనకటి రోజుల్లో గిన్నెల కొట్లో చిన్న మిషను పెట్టుకుని కొట్టిచ్చేవాళ్లు గుర్తుందా, అలా. 'ళ' అక్షరం దగ్గర మిషను జారింది కాబోలు, ఒక చుక్క ఎక్కువ పడింది. అది చూసినప్పుడల్లా మా అమ్మ ఆ కొట్టువాణ్ణి తిట్టుకునేది.

గేటు దగ్గర లేడీ కానిస్టేబుల్, పాతికేళ్లుంటాయి, పొద్దున్నించీ నిలబడి ఉన్నట్టుంది, ముఖం వాడిపోయింది. "తిండి అలౌడ్ కాదమ్మా" అంది. షుగరని చెప్పాను. "నేనేం చెయ్యనమ్మా, లిస్టులో ఉంది" అంది. సరే, లోపల తినకూడదు గానీ బయట తినకూడదని లేదు కదా, పక్కకి జరిగి నిలబడే ముగ్గురం ఆ దద్దోజనం తినేశాం, ఆ పిల్లకి కూడా రెండు చెంచాలు కాగితంలో పెట్టాను, తీసుకుంది. (నవ్వులు) తినేసి, డబ్బా తుడిచి, ఖాళీ డబ్బాతో మళ్లీ వచ్చాను. అప్పుడు ఇంకొకాయన, యూనిఫాం వేరు, ప్రైవేటు సెక్యూరిటీ, "స్టీలు అలౌడ్ కాదు మేడం, అక్కడ పెట్టండి, వెళ్లేటప్పుడు తీసుకోండి" అన్నాడు. పెట్టాను. మ్యాచ్ అయిపోయింది, బయటికి పంపింది ఇంకో గేటు నుంచి. చుట్టూ తిరిగి ఈ గేటుకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, అక్కడ డ్రమ్ము లేదు. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. ఊడుస్తున్న ఆవిడని అడిగితే, "రాత్రే బండిలో ఎత్తేశారమ్మా అన్నీ" అంది.

యాభై రూపాయల సామాను పోయింది, అంతే కదా, అంటారు. అవును, అంతే. కానీ ఆ రోజు నుంచి నాకొక పురుగు తొలుస్తోంది. ఆ డబ్బా వల్ల ఎవరికి ప్రమాదం? నిజంగా అడుగుతున్నాను, వెటకారంగా కాదు.

ఎందుకంటే తనిఖీ వద్దనే మనిషిని కాదు నేను. 2010 ఏప్రిల్ 17న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర, ఐపీఎల్ మ్యాచ్ మొదలవ్వడానికి కాస్త ముందు, బాంబులు పేలాయి. పదిమందికి పైగా గాయపడ్డారు, మ్యాచ్ గంట ఆలస్యంగా మొదలైంది. 2015 నవంబర్ 13న పారిస్‌లో ఫ్రాన్స్, జర్మనీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే ముగ్గురు ఆత్మాహుతి బాంబర్లు స్టేడియం దాకా వచ్చారు. లోపలికి వెళ్లలేకపోయారు. బయటే పేల్చుకున్నారు, దారిన పోయే ఒకాయన ప్రాణం పోయింది. లోపలికి వెళ్లుంటే ఏమయ్యేదో ఊహించుకోలేం. కాబట్టి నన్ను తడమండి, నా బ్యాగు బోర్లించండి, నాకేం బాధలేదు. ఆడవాళ్లని ఆడవాళ్లే, తెర చాటున, మర్యాదగా చూడాలి, అంతవరకే నేను అడిగేది.

ఆట పాడవకుండా చూడటం కోసం కొన్ని ఆపుతారు, అది కూడా ఒప్పుకుంటాను. 1996 మార్చి 13, కలకత్తా ఈడెన్ గార్డెన్స్, ప్రపంచకప్ సెమీఫైనల్. శ్రీలంక 251 కొట్టింది, మనం 120కి 8 వికెట్లు. సీసాలు విసిరారు, సీట్లకి నిప్పు పెట్టారు, రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశాడు. మన బ్యాట్స్‌మన్ కాంబ్లీ ఏడుస్తూ లోపలికి వెళ్లడం ఈ హాల్లో నలభై దాటిన వాళ్లందరికీ గుర్తే. 2018లో చెన్నై చేపాక్‌లో కావేరి నీళ్ల గొడవప్పుడు గ్రౌండ్‌లోకి చెప్పులు, బూట్లు వేశారు, చెన్నై జట్టు మిగతా హోం మ్యాచ్‌లు పుణెకి తరలిపోయాయి. అంటే సీసా ఎందుకు వద్దంటారో నాకు అర్థమైంది. నీళ్ల సీసా నిండుగా ఉంటే అది రాయి లాంటిదే. చెప్పుల్ని మాత్రం ఇంకా ఎవరూ ఆపలేదు, అదొక్కటీ మిగిలింది. (నవ్వులు)

మన ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే పోలీసులు పేపర్లో ఒక జాబితా ఇస్తారు చూశారా. లాప్‌టాప్, బ్యానర్, నీళ్ల సీసా, కెమెరా, అగ్గిపెట్టె, లైటర్, పదునైన వస్తువులు, బైనాక్యులర్, బ్యాటరీలు, హెల్మెట్, సెంటు సీసా, బ్యాగు, బయటి తిండి. రాసుకునే పెన్ను కూడా ఉంటుందండి దాంట్లో. ఆ జాబితా ఒకసారి నింపాదిగా చదవండి. లైటర్ సరే, నిప్పు. హెల్మెట్ సరే, విసరొచ్చు. బయటి తిండి? దద్దోజనం ఎవరి ప్రాణం తీస్తుంది? పోనీ ఆటని ఆపుతుందా? లోపల పఫ్‌లు, సమోసాలు, బిర్యానీ అమ్ముతున్నారు కదా, అవి విసరలేమా? అది భద్రత లెక్క కాదు, క్యాంటీన్ కాంట్రాక్టు లెక్క. తప్పేమీ లేదు, వ్యాపారం వ్యాపారమే, చెప్పి చేస్తే సరిపోతుంది. కానీ కాంట్రాక్టుకి పోలీసు టోపీ పెట్టి గేటు దగ్గర నిలబెట్టారు. ఆ కానిస్టేబుల్ పిల్ల బాంబుని వెతకాల్సిన చేతులతో నా అన్నం మూత తీసింది, అదీ నా గొడవ.

ఇది మన ఒక్కళ్ల జబ్బు కూడా కాదు. 2003 ప్రపంచకప్, దక్షిణాఫ్రికాలో సెంచూరియన్, ఆస్ట్రేలియా మీద మనవాళ్లు 125కే ఆలౌట్ అయ్యారే, ఆ మ్యాచ్‌లో ఒక ప్రేక్షకుణ్ణి బయటికి పంపేశారు. తాగి గొడవ చేశాడా అంటే లేదు. కోకా కోలా తాగాడు. టోర్నీ స్పాన్సరు పెప్సీ. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ అప్పుడైతే ఇంకా విడ్డూరం. నెదర్లాండ్స్ అభిమానులు వందల మంది కాషాయం రంగు ప్యాంట్లు వేసుకుని స్టుట్‌గార్ట్ స్టేడియానికి వచ్చారు, వాటి మీద బవేరియా అనే బీరు కంపెనీ పేరుంది, స్పాన్సర్ ఏమో బడ్వైజర్. ప్యాంట్లు విప్పితే గానీ లోపలికి పంపం అన్నారు. విప్పేశారండి! చాలామంది లోపలి బట్టలతోనే కూర్చుని మ్యాచ్ చూశారు. (నవ్వులు) ప్యాంటు మీద కంపెనీ పేరుంటే అది పేలుతుందా?

2007లో వెస్టిండీస్‌లో క్రికెట్ ప్రపంచకప్. అక్కడి వాళ్లకి క్రికెట్ అంటే శంఖం, డప్పు, బూరా, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరునాళ్లలా ఉంటుంది. వాటన్నిటికీ ఆంక్షలు పెట్టారు, టికెట్ ధర ఆకాశానికి పెట్టారు. స్టేడియాలు బోసిపోయాయి. తర్వాత కొన్ని సడలించారు గానీ అప్పటికే జనానికి మనసు విరిగింది.

ఇంకా ముందుకెళ్తే, వ్యాపారం కూడా కాదు, మాట నచ్చక లాక్కోవడం. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో వేల్స్ అభిమానుల దగ్గర, స్వలింగ ప్రేమికులకి మద్దతుగా పెట్టుకున్న ఇంద్రధనుస్సు రంగుల టోపీలు గేటు దగ్గర తీయించేశారు, అందులో వేల్స్ మహిళల జట్టు మాజీ కెప్టెన్ లారా మెక్‌అలిస్టర్ కూడా ఉన్నారు. అదే టోర్నీలో ఇరాన్ వాళ్ల దగ్గర 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' అని ఆడవాళ్ల హక్కుల నినాదం రాసిన జెండాలు లాగేసుకున్నారు. టోపీ టోపీయే, గుడ్డ గుడ్డే. ఇవన్నీ వెళ్లేది లైటరూ కత్తీ వెళ్లే అదే డ్రమ్ములోకి.

మరి ఇంకోలా చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో లక్ష మంది పడతారు, ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు, కూల్‌డ్రింక్ క్యాన్లు, మద్యం మాత్రం కుదరదు. లండన్‌లో లార్డ్స్ గ్రౌండ్‌లో టెస్టు మ్యాచ్‌కి మనిషికొక వైన్ సీసా పట్టుకెళ్లనిస్తారు. వైన్ సీసా! మనకి మంచినీళ్ల సీసా కూడా దాటదు. అమెరికాలో మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, వాడికి ఫుట్‌బాల్ పిచ్చి, మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. అక్కడ ఆ ఆట లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు 2013 నుంచి ఒక నియమం పెట్టారు: బ్యాగు తెస్తే లోపలివి కనపడే ప్లాస్టిక్ బ్యాగే తేవాలి, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, ఆరంగుళాల మందం, అంతకు మించకూడదు. దాంతో పాటు అరచేయంత పర్సు ఒకటి. వాడు మొదటిసారి వెళ్లినప్పుడు సంగతి తెలీక మామూలు బ్యాగుతో వెళ్లి, మైలు దూరంలో పెట్టిన కారు దాకా నడిచి అందులో పడేసి వచ్చాడు, ఫస్ట్ క్వార్టర్ పోయింది. ఆడవాళ్లకి కష్టమే, పర్సులో ఏముందో ఊరందరికీ కనపడుతుంది. కానీ ఒకటి ఒప్పుకోవాలి, కొలత ముందే చెప్పారు, అంగుళాలతో సహా. గేటు దగ్గర వాదన లేదు.

బ్యాగు వద్దనడానికి అసలు కారణం టైము. లెక్క వేద్దాం రండి. నలభై వేల మంది వస్తారనుకోండి, నలభై లైన్లు పెట్టారనుకోండి. లైనుకి వెయ్యి మంది. మనిషికి పది సెకన్లు పడితే పదివేల సెకన్లు, అంటే రెండు గంటల నలభై ఆరు నిమిషాలు. బ్యాగు తెరిచి చూడాలంటే ముప్ఫై సెకన్లు అనుకున్నా ఎనిమిది గంటలు దాటుతుంది. గేట్లు తెరిచేది మూడు గంటల ముందు, మనం వచ్చేది టాస్ పడ్డాక. అప్పుడు గేటు బయట ఏం తయారవుతుంది? గుంపు. 2025 జూన్ 4న అదే చిన్నస్వామి గేట్ల దగ్గర, బెంగళూరు జట్టు గెలిచిన సంబరానికి వచ్చిన పదకొండు మంది తొక్కిసలాటలో పోయారు. అది తనిఖీ వల్ల జరిగిందని నేను అనను. కానీ గేటు బయట జనం పోగుపడటం ఎంత ప్రమాదమో దానికంటే చెప్పేది లేదు. 2022 సెప్టెంబర్‌లో మన జింఖానా గ్రౌండ్ దగ్గర టికెట్ల కోసమే తొక్కిసలాట అయింది కదా. అంటే గేటు దగ్గర ఒక్కో సెకనుకీ విలువుంది. ఆ సెకన్లు దద్దోజనం మీద ఖర్చు పెడతారా, నడుముకి కట్టుకున్నదాని మీద ఖర్చు పెడతారా?

ఒకాయన చెయ్యెత్తారు, అడగండి. (ప్రశ్న: వాళ్లకి తీసుకునే హక్కుందా?)

మంచి ప్రశ్న. మనం 'జప్తు చేశారు' అంటాం గానీ చట్టం లెక్కలో అది జప్తు కాదు. పోలీసులు ఒక వస్తువుని నిజంగా స్వాధీనం చేసుకుంటే దానికో పద్ధతుంది, పంచనామా రాయాలి, మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. గేటు దగ్గర జరిగేది అది కాదు. "ఇది ఉంటే లోపలికి రావద్దు, పడేసి వస్తే రా" అంటున్నారు. టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది, ప్రవేశం మా ఇష్టం అని. అంటే మీ వస్తువుని వాళ్లు తీసుకోలేదు, మీరే వదిలేశారు! అందుకే రసీదు లేదు, అందుకే ఎవరిదీ బాధ్యత కాదు, అందుకే రాత్రికి బండి ఎత్తేస్తుంది. ప్రైవేటు గార్డుకైతే మీ వస్తువు లాక్కునే అధికారమే లేదు, లోపలికి రానివ్వనని అనగలడు, అంతవరకే. ఇక తిండి సంగతి, సినిమా హాళ్ల మీద 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, బయటి తిండి వద్దనే హక్కు హాలు వాళ్లకి ఉంది, కానీ శుభ్రమైన మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి అని. అది సినిమా హాళ్ల గురించిన తీర్పు, స్టేడియం గురించి కాదు. కానీ ఆ న్యాయం చూడండి, వద్దనే హక్కు ఉన్నవాడి మీద ఇచ్చే బాధ్యత కూడా పడింది. మనకి లోపల కాగితం గ్లాసులో నీళ్లు పోసి డబ్బులడుగుతారు. ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో, మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌కి!

ఇంకో సంగతి. గేటుకి వందడుగుల దూరంలో పాన్ డబ్బా వాళ్లు, కొబ్బరిబోండాల వాళ్లు బ్యాగులు పెట్టుకుంటారు చూశారా, యాభైకి, వందకి. మా ఆడపడుచు కొడుకు ఆ రోజు వాడి పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్స్ అక్కడే పెట్టాడు. కొట్టువాడు పాత క్యాలెండర్ చింపి వెనక నంబరు రాసి సగం వాడికిచ్చాడు, సగం బ్యాగుకి పిన్నుతో గుచ్చాడు. తిరిగొచ్చేసరికి వస్తువు భద్రంగా ఉంది. కోట్ల రూపాయల స్టేడియం చెయ్యలేని పని ఒక పాన్ డబ్బా చేసింది. నేను స్టేడియం వాళ్ల మాట నమ్మి ఫ్రీగా పెట్టాను, నా డబ్బా పోయింది.

చెయ్యలేం, జనం ఎక్కువ, అంటారు. తిరుమల వెళ్లొచ్చారు కదా మీరంతా. రోజుకి అరవై, డెబ్భై వేల మంది. పండగొస్తే అంతకంటే ఎక్కువ. ఫోన్లు కౌంటర్లో తీసుకుంటారు, టోకెన్ ఇస్తారు, దర్శనం అయ్యాక తిరిగిస్తారు. అలిపిరి దగ్గర నడిచి ఎక్కేవాళ్లు కింద బ్యాగు ఇస్తే కొండ మీద ఇస్తారు, డబ్బులు కూడా తీసుకోరు. నా డబ్బా పోవడానికి కారణమేంటి, ఒక గేటులో పెట్టాను, ఇంకో గేటులోంచి బయటికొచ్చాను. ఆ చిక్కుని దేవస్థానం వాళ్లు ఎన్నో ఏళ్ల కిందటే విప్పేశారు! అదీ ఏడాదికి ఏడెనిమిది మ్యాచ్‌ల పని కాదు, మూడొందల అరవై అయిదు రోజులు. మన తెలుగు నేల మీదే, మన కళ్ల ముందే ఉంది, దాన్ని చూసి నేర్చుకోవడానికి ఆస్ట్రేలియా వెళ్లక్కర్లేదు.

నేను అడిగేవి పెద్దవి కావు. జాబితా టికెట్ కొనేటప్పుడే ఫోన్లో కనపడాలి, తెలుగులో, ముందు రోజు పేపర్లో కాదు. ఏది ప్రాణం కోసం వద్దంటున్నారో, ఏది క్యాంటీన్ కోసం వద్దంటున్నారో విడివిడిగా రాయాలి. మందులు, చంటిపిల్లల పాలసీసా, షుగర్ వాళ్ల తిండి, వీటికి గేటు దగ్గర కానిస్టేబుల్ దయ మీద ఆధారపడే గతి ఉండకూడదు. టోకెన్ కౌంటర్ ఒకటి, డబ్బులు తీసుకున్నా సరే. ఇవి రాసి ఒక ఉత్తరం తయారుచేశాను, అటు పక్క బల్ల మీద ఉంది, సంతకం పెట్టాలనుకున్న వాళ్లు పెట్టండి, పెట్టకపోయినా కాఫీ ఇస్తారు. (నవ్వులు)

(ప్రశ్న: మీరు మళ్లీ వెళ్లారా మేడం మ్యాచ్‌కి?)

ఎందుకు వెళ్లను? రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు నా దగ్గర ఉండేవి ఫోను, మడత పెట్టిన అయిదొందల నోటు, బ్లౌజులో దాచుకున్న నాలుగు షుగర్ బిళ్లలు. పోయినసారి ఆ బిళ్లల స్ట్రిప్ కూడా తీసి చూపించమంది కొత్త అమ్మాయి. చూపించాను. ఇటు తిప్పి, అటు తిప్పి, "మా అమ్మ కూడా ఇవే వేసుకుంటుంది" అని ఇచ్చేసింది. డ్రమ్ము పక్కనే ఉంది, అలవాటుగా లోపలికి తొంగి చూశాను. రెండు దువ్వెనలు, ఒక పిల్లల నీళ్ల సీసా, తాళంచెవుల గుత్తి ఒకటి, అదెవరో ఇంటికెళ్లి ఎలా తలుపు తీసుకున్నారో మరి. స్టీలు డబ్బా ఏదీ లేదు.

ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.